కంప్యూటరుకూ ఒక చిట్టా ఉన్నది



మనం నగదు పుస్తకం వ్రాసిన రోజుల్లో అంకె తప్పుపడితే చెరపరాదు. అడ్డగీత కొట్టి, సరైన అంకెను ఎర్రసిరాతో వ్రాసి, ఆఫీసరుచే తేదీతో సహా ఇనీషియల్ చేయించవలెను. ఇప్పుడు మన పింఛను లెక్కలు కంప్యూటరులో ఉన్నవి. అందులో అంకె మారిస్తే పాతది ఏమవుతుందని మిత్రులు నన్ను తరచు అడుగుతుంటారు. నేను చదివి తెలుసుకున్నది మనవి చేస్తాను.

1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచియోలీ గణిత గ్రంథంలోనే, వర్తకుడు లావాదేవీని ముందు దినపుస్తకంలో వ్రాసి, తరువాత జర్నలుకు, ఆపై లెడ్జరుకు ఎక్కించాలని ఉన్నది. మన చిట్టా, ఆవర్జాలూ ఆ కోవలోనివే.

1970 దశకంలో అమెరికాలోని శాన్ హోసే ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో 'సిస్టమ్ ఆర్' డేటాబేసు నిర్మించిన జిమ్ గ్రే ప్రభృతులు ఇదే క్రమాన్ని యంత్రానికి నేర్పారు. డిస్కు మీద ఆవర్జా మారకముందే ఆ మార్పు 'లాగ్' అనే చిట్టాకెక్కాలి. 1992లో మద్రాసు ఐ.ఐ.టి. పూర్వ విద్యార్థి సి. మోహన్, సహచరులతో కలిసి 'ఏరీస్' పద్ధతిని ప్రకటించారు. ఇందులో ప్రతి పద్దుకూ వరుససంఖ్య ఉంటుంది. కరెంటు పోయి యంత్రం ఆగితే, తిరిగి లేవగానే చిట్టా చదివి, జరిగినవి మళ్ళీ జరిపించి, సగంలో ఆగిన లావాదేవీలను రద్దు చేస్తుంది. ఆ రద్దు కూడ కొత్త పద్దుగానే ఎక్కుతుంది. ఎర్రసిరా దిద్దుబాటు వంటిదే!

యంత్రం తనకోసం వ్రాసుకొన్న ఈ చిట్టాను మనుషులు చదివే సాధనాలు కూడ వచ్చాయి. 1999లో ఓరకిల్ 8ఐతో 'లాగ్‌మైనర్', 2013లో పోస్ట్‌గ్రెస్ 9.3తో మరొకటి వచ్చాయి. ఒకరి పింఛను 18,400కు బదులు 14,800గా పడిందనుకొందాం. తెర మీద కొత్త అంకె ఒక్కటే కనబడుతుంది. లాగ్‌మైనర్ వంటి దానితో చదివితే పాత అంకె, మార్చిన సమయం కూడ బయటపడతాయి.

అయితే రెండు సంగతులు గమనించాలి. పాత లాగ్‌ను భద్రపరచకపోతే, ఆ స్థలంలో కొత్త పద్దులు వ్రాయబడతాయి. ఇక, అప్లికేషను మొత్తానికి ఒకే ఖాతా పేరు ఉన్నచోట మార్చిన మనిషెవరో లాగ్ చెప్పలేదు. ఎందుకు మార్చారో అసలే చెప్పదు. అది ఫైలులోని నోటులో ఉండాలి.

కనుక పింఛను తగ్గిన నెలలోనే, ఏ తేదీన, ఏ ఉత్తర్వు మీద మార్చారో తెలుపమని వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రశీదు పొందండి. పి.పి.ఓ. నకలు ఇంట్లో ఎక్కడున్నదో మీ శ్రీమతికీ, పిల్లలకూ చెప్పి ఉంచండి.