ఉబ్బాహిక: భిక్షు సంఘం ఎన్నుకున్న ఉపసంఘం

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ప్రసంగిస్తూ, పార్లమెంటరీ విధానం భారతదేశానికి కొత్తది కాదన్నారు. ఆసనాల ఏర్పాటు, ప్రతిపాదన, తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు వంటి నియమాలను బౌద్ధ భిక్షు సంఘాలు ఎరిగి ఉన్నాయని గుర్తుచేశారు. ఆ మాటను మనం తరచు ఉదహరిస్తాము. దానికి ఆధారమైన వినయపిటకాన్ని మాత్రం అంత శ్రద్ధగా చదవము. సభ తన పనిని కొద్దిమందికి అప్పగించినప్పుడు ఆ కొద్దిమందిని ఏ నియమాలు నడిపించాలి? ఈ ప్రశ్నకు చుల్లవగ్గంలో వివరమైన సమాధానమున్నది.

సంప్రదాయం ప్రకారం బుద్ధ పరినిర్వాణానంతరం నూరేళ్లకు వైశాలిలో వివాదం తలెత్తింది. బంగారు వెండి నాణేలను స్వీకరించడం మొదలుకొని పది ఆచారాలు సమ్మతమేనని వజ్జి భిక్షువులు వాదించగా, కాకండకపుత్త యశుడు అభ్యంతరం చెప్పాడు. ఏడువందల మంది సమావేశమైన సభలో మాటలు పెరిగాయే గాని అర్థం తేలలేదు. అప్పుడు రేవతుడు ఉబ్బాహికను, అంటే ఉపసంఘాన్ని, ప్రతిపాదించాడు. తూర్పు పక్షం నుండి నలుగురు, పశ్చిమ పక్షం నుండి నలుగురు ఎంపికయ్యారు. ఆసనాలు అమర్చే బాధ్యతను అజితుడనే భిక్షువుకు ఒప్పగించారు. ఈ నియామకాలన్నీ ఞత్తితో, అంటే సభ ముందు పెట్టిన ప్రతిపాదనతో, జరిగాయి.

వాలికారామంలో ఉపసంఘం కూర్చున్న తీరు గమనింపదగినది. ప్రశ్నించడానికి రేవతుడు, సమాధానమివ్వడానికి సబ్బకామి విడివిడిగా అనుమతి కోరారు. పది అంశాలను ఒక్కొక్కటిగా తేల్చారు. పని ముగిసిన పిమ్మట సబ్బకామి, ఇవే ప్రశ్నలను సంఘమధ్యంలో తనను మళ్లీ అడగమన్నాడు. ఉపసంఘం నిర్ణయం పూర్ణసభకు తెలియాలి, సభ దానితో సమాధానపడాలి.

సభ్యునికి పది అర్హతలు ఉండాలని చుల్లవగ్గం చెబుతున్నది. సూత్రమూ వినయమూ ఎరుగని సభ్యుడు అర్థాన్ని మరుగుపరచేలా మాట్లాడితే, ఞత్తి ద్వారా అతనిని లేపి పంపి, మిగిలినవారు వ్యవహారాన్ని పరిష్కరించవచ్చు. ఉపసంఘానికీ అది సాధ్యం కాకపోతే వ్యవహారాన్ని సంఘానికే తిరిగి అప్పగించాలి. అప్పుడు శలాకలతో, అంటే ఓటు పుల్లలతో, అధికసంఖ్యాకుల అభిప్రాయం తెలుసుకుంటారు.

నేటి పార్లమెంటులోనూ ఈ క్రమం ఉన్నది. 118వ అధికరణం ప్రకారం ప్రతి సభా తన నియమాలను తానే రూపొందించుకుంటుంది. లోక్‌సభ కమిటీకి మొత్తం సభ్యులలో మూడింట ఒక వంతు కోరం. కమిటీ తన విచారణకు కావలసిన అదనపు నియమాలను స్పీకరు ఆమోదంతో చేసుకోవచ్చు. నివేదిక మాత్రం సభకు చేరాలి. స్వయంపాలన ఉన్నది, కాని అది సభ ఇచ్చినది.

అయితే పోలికను హద్దు దాటనివ్వరాదు. రహస్య శలాకా గ్రహణంలో అధర్మవాదులు అధికమైతే, ఓటు సరిగా జరగలేదని చెప్పి మళ్లీ తీసుకోవాలని అదే గ్రంథం విధిస్తున్నది. అక్కడ సంఖ్య కంటె ధర్మం పైది. ధర్మమేదో నిర్ణయించేవాడు శలాకలు పంచే భిక్షువే. ఆధునిక ప్రజాస్వామ్యం ఈ అధికారాన్ని ఎవరికీ ఇవ్వదు. పూర్వగౌరవం కోసం ఈ భేదాన్ని దాచడం పరిశోధన కాదు.

వైశాలి తీర్పుతో విభేదం సమసిపోనూ లేదు. ఓడిన పక్షం వేరుగా మహాసంగీతిని జరుపుకున్నదని సింహళ వంశకథలు చెబుతున్నవి. మహాసాంఘికుల శాఖలే తరువాత ఆంధ్రదేశంలో వర్ధిల్లాయి. నాగార్జునకొండ శాసనాలలో అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు కనబడతారు. స్థవిర పరంపరకు చెందిన మహీశాసకులకు కూడ ఇక్ష్వాకు వంశపు ఆడపడుచు కొడబలిసిరి అదే లోయలో విహారం కట్టించింది. సంఘకర్మ ఒక నిర్ణీత సీమ లోపల, అక్కడి భిక్షువులందరి సమక్షంలో లేక సమ్మతితో జరగాలన్నది వినయ నియమం. భిన్న నికాయాలు ఒకే లోయలో ఎవరి విహారంలో వారు వసించిన ఆ దృశ్యంలో నియమం విలువ తెలుస్తుంది. అది అభిప్రాయభేదాన్ని తుడిచివేయలేదు. భేదించినవారు కూడ ఒక పద్ధతికి కట్టుబడి బ్రతికే వీలు కల్పించింది.