జీతంలో వైన్

కేప్‌టౌన్ వచ్చిన చుట్టాలకు మనం ముందు ద్రాక్షతోటలే చూపిస్తాం, ఫోటోలు దిగుతాం. ఆ తోటల్లో చాకిరీ చేసినవాళ్ల కథ కూడా ఒకసారి వినండి.

ఇక్కడ మొదటిసారి ద్రాక్ష పిండి వైన్ తీసింది 1659లో. పోనుపోను తాగేవాళ్లకంటే సరుకే ఎక్కువైంది. ధర పడిపోకుండా 1918లో రైతులు కేడబ్ల్యూవీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. అయినా మిగులు మిగులే. మరి అదంతా ఎవరు తాగాలి?

ఒక దారి ‘డాప్’ పద్ధతి. కూలి డబ్బు కొంత తగ్గించి, రోజుకు ఇన్నిసార్లని చవక వైన్ పోసేవారు. మిగులు సరుకు ఖర్చయ్యేది. తాగుడు అలవాటైన కూలీ తోట వదిలి పోయేవాడు కాదు. చట్టం వద్దన్నాక కూడా కొన్ని తోటల్లో ఇది 1990ల దాకా సాగింది.

రెండో దారి కొత్త గిరాకీ. నల్లజాతివారికి మద్యం అమ్మకూడదన్న నిషేధాన్ని 1961 చట్టంతో ఎత్తేశారు. వైన్ రైతులకు దేశంలోనే పెద్ద మార్కెట్ తెరుచుకుంది.

లాభం తోటది, పన్ను సర్కారుది. మరి నష్టం? తల్లి తాగితే కడుపులో బిడ్డ మెదడు దెబ్బతింటుంది. ఇక్కడి తోటల ఊళ్లలో అలాంటి పిల్లలు ప్రపంచంలోనే ఎక్కువమంది ఉన్న చోట్లలో ఉన్నారు. వాళ్ల వైద్యం, చదువు ఖర్చు ఏ వైన్ సీసా ధరలోనూ కలవదు.

ఈ లెక్క మనకు కొత్తా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఇది అర్థమయ్యే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తాగుడు పెంచితే ఆదాయం పెరుగుతుందని ఎవరన్నా చెబితే, ఇంటి ఖర్చు కూడా పక్కనే రాయమని అడగండి.