ఉహురూ దాకా ఆరు రోజులు

"మావయ్యా, జనవరిలో వారం సెలవు దొరుకుతుంది. కిలిమంజారో ఎక్కేసి వచ్చేయొచ్చా?" అని అమలాపురం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. గుట్టన్నది కంటికి ఆనని సీమలో పుట్టినవాడు. వాడికి ఎత్తంటే కొబ్బరిచెట్టు, మహా అయితే గన్నవరం అక్విడక్టు. ఆ "ఎక్కేసి వచ్చేయడం"లోనే ఉన్నాయి తిప్పలన్నీ.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. దారెస్సలాం వచ్చిన మూడో ఏడు, అయిదు రోజుల్లో ముగించేద్దామని మరంగు దారిన బయల్దేరాను. పార్కు రుసుము రోజు లెక్కన కట్టాలి కదా, ఒక రోజు తగ్గితే డబ్బు మిగులుతుందని కక్కుర్తి. 5,685 మీటర్ల మీద, గిల్మన్స్ పాయింట్ దగ్గర, తల పగిలిపోతూ వాంతులతో కూలబడ్డాను. శిఖరం ఇంకో రెండొందల మీటర్ల పైన, ఎదురుగానే ఉంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్లో అందేదాంట్లో సగం. ఆ సగంతో సర్దుకోవడం ఒళ్లు నేర్చుకోవాలంటే రోజులు ఖర్చు పెట్టాలి తప్ప కండలు పనికిరావు. అందుకే వాడికి ఆరు రోజులు రాసిచ్చాను. 3,720 మీటర్ల దగ్గర హొరొంబో గుడిసెల్లో ఒక రోజు ఊరికే ఆగాలి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు, కాబట్టి జనవరి మంచిదే. గైడు లేనిదే లోపలికి పోనివ్వరు. ఆ గైడు పొద్దస్తమానం అనే మాట "పోలె పోలె". స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని.

ఎలాగూ మెల్లగా నడవాల్సిందే కనక, ఎవరి కొండ మీద నడుస్తున్నాడో కూడా వాడికి చెప్పాలనిపించింది.

పార్కు గేటు దాకా జీపులో పోకుండా ఒక పూట మరంగు ఊళ్లో తిరగమన్నాను. ఊరంతా చగ్గా తెగ రైతుల తోటలే. పైన నీడచెట్లు, వాటి కింద అరటి, అరటి కింద కాఫీ. మన కొబ్బరితోటల్లో అరటీ కోకో వేసినట్టే. గెల బరువుకి వాలిన చెట్టుకి కర్ర ఊతం పెట్టి ఉంటుంది. రావులపాలెం అరటి మార్కెట్టు చూసినవాడికి అక్కడ పరాయితనం తోచదు. చెట్ల మధ్యనుంచి సన్నటి కాలవలు పోతుంటాయి. "మ్‌ఫోంగో" అంటారు. కొండవాగుల నీటిని వాలు చూసుకుంటూ తోటల్లోకి మళ్లించినవి. తెల్లవాళ్లు రాకముందే తవ్వుకున్నారు, వంతులు వేసుకుని వాడుకున్నారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలెట్టింది 1847లో. ఆ మరుసటేడు మే నెలలో రెబ్‌మన్ అనే జర్మన్ మతబోధకుడు ఈ కొండ నెత్తిన మంచు చూశానని రాశాడు. భూమధ్యరేఖ పక్కన మంచేమిటని లండన్‌లో కూర్చున్న పండితుడొకాయన కొట్టిపారేశాడు. కొండ కిందే అరటి పండించుకుంటున్నవాళ్లని ఆయన అడిగింది లేదు.

1886లో బ్రిటన్, జర్మనీ ఈ నేలని పంచుకుంటూ పటం మీద గీత గీశాయి. విక్టోరియా సరస్సు వైపు తిన్నగా పోవాల్సిన గీత కొండ దగ్గర వంగి, దాన్ని జర్మనీ వాటాలో పడేసింది. విక్టోరియా రాణి మనవడు కైజరుకి పుట్టినరోజు కానుకగా ఇచ్చేసిందని ఇక్కడికొచ్చే ప్రతి యాత్రికుడికీ ఓ కథ వినిపిస్తుంది. కట్టుకథే. ఆ మనవడు కైజరైంది 1888లో. యానాం పక్కన పుట్టిన మనకి గీతల వంకర కొత్తేం కాదులెండి.

1889 అక్టోబరు 6న హాన్స్ మేయర్, పుర్ట్‌షెల్లర్ శిఖరమెక్కి దానికి కైజర్ విల్హెల్మ్ పేరు పెట్టారు. మరంగు మనిషి కిన్యాలా లావువో దారి చూపాడని ఇక్కడివాళ్లు చెబుతారు. పుస్తకాల్లో పెద్ద అక్షరాలు మాత్రం మేయర్‌వే. 1900 మార్చి 2న మోషి చగ్గాల దొర మంగి మెలిని జర్మన్లు చెట్టుకి ఉరితీశారు. తలని జర్మనీ పట్టుకుపోయారని చెబుతారు. వంశంవాళ్లు ఇప్పటికీ దానికోసం వెతుకుతూనే ఉన్నారు.

అదే జర్మన్లు ఇక్కడ చలామణీ చేసింది రూపాయినే. అరవైనాలుగు పెసాలు ఒక రూపాయి. 1904లో పెసా తీసేసి హెల్లర్ పెట్టారు. దొరతనాలు పోయాయి, మాటలు మిగిలాయి: స్వాహిలీలో డబ్బుని నేటికీ పెసా అంటారు, హెలా అనీ అంటారు. కొబ్బరిబోండం "దాఫు". తమ షిల్లింగుని వెక్కిరించాల్సొస్తే "బోండాల డబ్బు" అంటారు. అంబాజీపేటలో కాయ ధర పడిపోయిన ఏడు మనవాళ్లు అనదగ్గ మాట!

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లీషువాళ్లొచ్చారు. 1961 డిసెంబరు 9న వాళ్లూ దిగిపోయారు. ఆ సమయానే అలెగ్జాండర్ న్యిరెండా అనే యువ సైనికాధికారి శిఖరం మీద కొత్త దేశపు జెండా పాతి కాగడా వెలిగించాడు. కిలిమంజారో మీద దీపం పెడతామని స్వాతంత్ర్యోద్యమ నాయకుడు న్యెరేరే 1959లోనే చెప్పి ఉన్నాడు. బడిపంతులుగా పనిచేసిన ఆయన్ని దేశమంతా నేటికీ "మ్వాలిము", అంటే మాస్టారు అనే పిలుస్తుంది. కైజర్ పేరు పోయి శిఖరం "ఉహురూ" అయింది. స్వేచ్ఛ అని. 1964లో జాంజిబారుతో కలిసి దేశం పేరే టాంజానియా అయింది.

తెలుగువాడి అడుగు ఆ శిఖరం మీద ముందే పడింది. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం వాడైన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కేశాడు, ఇది అందులో ఒకటి. మావాడు ఈ లెక్కే పట్టుకుని, "ఆయనకి ఏడింటికీ కలిపి నూటడెబ్బై రెండైతే నాకు దీనికొక్కదానికే ఆరా?" అన్నాడు. ఆయన కొండల మీదే బతికినవాడురా అన్నాను.

గేటు దగ్గర మోతగాళ్ల మూటలు త్రాసు మీద పెడతారు. మనిషికి ఇరవై కిలోలు మించకూడదు, అందులో అయిదు అతని సొంత బట్టలూ దుప్పటీ. మన సంచి పదిహేను లోపే ఉండాలి. ఈ మాట చెప్పగానే అవతల కాసేపు చప్పుడు లేదు. "మరి అమ్మ ఆత్రేయపురం పూతరేకులు కడతానంటోంది మావయ్యా..."

తెమ్మన్నాను. దారెస్సలాంలో దించేసి రమ్మన్నాను.