మాడ్యులర్ సింథసైజర్, పిల్లి

విడివిడి పెట్టెలను తీగలతో కలిపి శబ్దం పుట్టించే విద్యుత్ వాద్యం మాడ్యులర్ సింథసైజర్. ఒక్కో పెట్టెను మాడ్యూల్ అంటారు. ఒకటి (ఆసిలేటర్) స్వరాన్ని పుట్టిస్తుంది, ఒకటి (ఫిల్టర్) దాన్ని వడగడుతుంది, ఇంకొకటి పెంచి తగ్గిస్తుంది, మరొకటి ఎప్పుడేం చేయాలో మిగతావాటికి వోల్టేజీ రూపంలో చెబుతుంది. ఏ పెట్టె నుంచి ఏ పెట్టెకు తీగ వెళ్లాలన్నది వాయించేవారి ఇష్టం. ఆ కూర్పు పేరు ప్యాచ్. 1960లలో అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ వాద్యం ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతానికి ఆయువుపట్టు. వాయించేవారి ఇళ్లలో దాని పక్కన పిల్లి కనబడటమూ అంతే మామూలు. పెట్టెల మీద ముడుచుకు పడుకున్న పిల్లి ఫొటోలు ఈ సంగీతకారులు దశాబ్దాలుగా ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఆ ముచ్చట బాగానే ఉంటుంది గానీ, ఈ జతలో అసలు పట్టించుకోవలసింది చెవి సంగతి. ఆ గదిలో వాయించే మనిషి కంటే ఎక్కువ వింటున్నది పిల్లి.

పుట్టుక

శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్‌లో మోర్టన్ సుబాట్నిక్, రమోన్ సెండర్ అనే ఇద్దరు సంగీతకర్తలు ఉండేవారు. అప్పట్లో ఎలక్ట్రానిక్ సంగీతం చేయడమంటే టేపు ముక్కలు కోసి అతికించడమే. ఆ పని లేకుండా చేతి కింద పలికే వాద్యం కావాలని 1963లో వారు డాన్ బుక్లా (1937–2016) అనే ఇంజనీరును అడిగారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన నిధిలోంచి 500 డాలర్లు ఇందుకు కేటాయించారు. బుక్లా తన వాద్యానికి పియానో మెట్లు పెట్టలేదు. మెట్లుంటే చేతులు అలవాటైన పాటల వైపే పోతాయని ఆయన పట్టుదల. వాటి బదులు స్పర్శకు పలికే రేకులు అమర్చాడు. ఆ రేకుకు మనిషి వేలు, పిల్లి కాలు అన్న తేడా తెలియదు. పిల్లికి చెమట పట్టేది ముఖ్యంగా అరికాలి మెత్తల్లోనే కాబట్టి, ఆ తడి కాలు ఆనినా రేకు పలుకుతుంది. 1970లో ఆయన తెచ్చిన రెండో వరసలో ఒక మాడ్యూల్ పనే యాదృచ్ఛిక వోల్టేజీలు ఇవ్వడం. దానికి ఆయన పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే ‘అనిశ్చితికి ఊట’. సుబాట్నిక్ బుక్లా వాద్యం మీద చేసిన ‘సిల్వర్ యాపిల్స్ ఆఫ్ ది మూన్’ 1967లో వచ్చింది. కచేరీ కోసం కాకుండా ఎల్పీ రికార్డు కోసమే నాన్‌సచ్ కంపెనీ అడిగి చేయించుకున్న కృతి అది.

దేశానికి అటు కొసన, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్‌లో రాబర్ట్ మోగ్ (1934–2005) హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతకర్తతో కలిసి 1964లో మరో దారి తొక్కాడు. ఆయన వాద్యానికి మెట్లున్నాయి. (ఆ ఇంటిపేరును ‘మోగ్’ అనే పలకాలి. మన ‘మోగు’కు అంత దగ్గరగా ఉండటం కాకతాళీయమే అయినా తెలుగు చెవికి ఇంపు.) వోల్టేజీ ఒక్క వోల్టు పెరిగితే స్వరం ఒక్క స్థాయి (ఆక్టేవ్) పైకి వెళ్లాలన్న ఆయన కొలత నేటికీ చాలా వాద్యాలకు ప్రమాణం. వెండీ కార్లోస్ ‘స్విచ్డ్-ఆన్ బాక్’ (1968) వాయించింది ఈ వాద్యం మీదే. అది ఒకసారికి ఒక్క స్వరమే పలికేది కాబట్టి బాక్ రచనల్లోని వరసలన్నీ టేపు మీద ఒకదాని మీద ఒకటిగా పేర్చుకుంటూ పోయింది. ఆమె ఫొటోల్లో వాద్యాలతో పాటు సయామీ పిల్లులూ కనిపిస్తాయి.

ఫ్రాన్స్‌కు చెందిన ఎలియాన్ రదీగ్ 1970లలో ఏఆర్‌పీ 2500 అనే మాడ్యులర్ వాద్యాన్ని న్యూయార్క్ నుంచి పారిస్‌కు తీసుకెళ్లింది. మెట్ల పలకను మాత్రం న్యూయార్క్‌లోనే వదిలేసింది. గంటల తరబడి సాగే ఆమె కృతుల్లో మార్పు ఎప్పుడు జరిగిందో పట్టుకోలేం. తంబురా శ్రుతిలో కూర్చుని, దాని లోపల కదిలే పైస్వరాలను వినడం అలవాటున్నవారికి ఈ సంగీతం పరాయిదిగా అనిపించదు.

అహ్మదాబాద్

ఈ వాద్యం మన దేశానికి చాలా ముందుగానే వచ్చిందన్నది ఎక్కువమందికి తెలియని సంగతి. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మోగ్ మాడ్యులర్‌తో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో వెలిసింది. అమెరికన్ సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని అమర్చాడు. దీని వెనక ఉన్న గీతా సారాభాయి 1946లోనే న్యూయార్క్‌లో సంగీతకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పిన మనిషి. ఆమెతో పాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అక్కడ పనిచేశారు. కొన్నేళ్లకే ఆ పని ఆగిపోయింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీశాక, 1969–1972 నాటి ఆ ధ్వనులు 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. మన సంగీత చరిత్రల్లో ఈ అధ్యాయానికి చోటు దక్కాలి.

పిల్లి ఎందుకు వస్తుంది

తొలినాళ్ల వాద్యాలు గోడంత ఉండేవి, వాటి ఖరీదు ఎక్కువగా విశ్వవిద్యాలయాలకే అందేది. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డెప్ఫర్ ఏ-100 వరసతో యూరోర్యాక్ కొలతలను తెచ్చాడు: 128.5 మిల్లీమీటర్ల ఎత్తు, ప్లస్ మైనస్ 12 వోల్టుల కరెంటు, 3.5 మిల్లీమీటర్ల జాక్. వందలాది చిన్న తయారీదారులు ఆ కొలతలకే మాడ్యూళ్లు చేయడంతో వాద్యం బల్ల మీదికి, పడగ్గదిలోకి వచ్చింది. పిల్లి అప్పటికే అక్కడ ఉంది.

మొదటి కారణం వెచ్చదనం. పిల్లి ఒంటి వేడి 38–39 డిగ్రీలు. చుట్టూ 30 డిగ్రీలకు పైన ఉంటేనే దాని ఒళ్లు అదనపు శ్రమ లేకుండా వేడిని నిలుపుకుంటుంది. గంటల తరబడి వెలుగుతున్న పెట్టె పైభాగం దానికి పొయ్యిగడ్డ లాంటిది. రెండో కారణం వేలాడే తీగలు. గాలికి ఊగే తీగ కొస పిల్లి కంటికి ఎలుక తోకే. ప్యాచ్‌ను కంప్యూటర్ ఫైలులా దాచుకోవడం కుదరదు. ఒక్క తీగ ఊడినా, ఒక్క నాబ్ కదిలినా రెండు రోజుల కూర్పు మారిపోతుంది. అయితే ‘పిల్లికి చెలగాటం’ అన్న మాట ఇక్కడ సగమే నిజం. ఊడిన తీగతో పుట్టిన కొత్త ధ్వనిని అలాగే ఉంచేసుకునేవారు ఈ సంగీతంలో చాలామంది. అనిశ్చితి కోసం మాడ్యూల్ కొనుక్కున్నవారికి అది పరాయి పద్ధతేమీ కాదు.

పది వోల్టులు, ఆపై రెండు

మనిషి చెవి వినేది దాదాపు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, అంటే పది స్థాయిలు. మోగ్ కొలతలో చెబితే పది వోల్టులు. ప్రయోగశాలలో కొలిస్తే పిల్లి వినికిడి సుమారు 48 హెర్ట్జ్ నుంచి 85,000 హెర్ట్జ్ దాకా ఉంది. కింద మనకు వినబడేదాంట్లో ఒక వోల్టుకు పైగా దానికి అందదు. పైన మాత్రం మన వినికిడి ఆగిపోయిన చోటు నుంచి ఇంకో రెండు వోల్టులు పోతుంది. వాద్యం ముందు కూర్చున్నవారు ఈ లెక్కను మనసులో పెట్టుకోవాలి.

ఒక ఆసిలేటర్ నాబ్‌ను మెల్లగా పైకి తిప్పుతూ పోతే ఈల సన్నబడి, దారమై, మనకు మాయమవుతుంది. స్పీకరు దాన్ని మోయగలిగినంత మేర, పక్కన పడుకున్న పిల్లి చెవి ఇంకా అటే తిరిగి ఉంటుంది. కళ్లు తెరవదు, తల ఎత్తదు, ఒక్క చెవి డొప్ప మాత్రం తిరుగుతుంది. కొన్ని విద్యుత్ సరఫరా అడాప్టర్లు కూడా మన వినికిడికి పైన సన్నగా కూత పెడతాయి. మనకు నిశ్శబ్దంగా ఉన్న గది దానికి నిశ్శబ్దం కాకపోవచ్చు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతోందంటే ముందు అడాప్టర్ మార్చి చూడటం మేలు.

సప్తస్వరాలకు మన పెద్దలు నెమలి నుంచి ఏనుగు దాకా ఏడు జీవాలను చెప్పారు. అందులో పిల్లి లేదు. పిల్లికి ఏ సంగీతం నచ్చుతుందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. చెల్లో వాద్యకారుడు డేవిడ్ టై పిల్లి గురగురల వేగం, పాలు తాగే లయ, దాని కూతల స్థాయి ఆధారంగా కూర్చిన సంగీతాన్ని 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో 47 పెంపుడు పిల్లులకు వినిపించారు. మనుషుల శాస్త్రీయ సంగీతాన్ని అవి అంతగా పట్టించుకోలేదు. తమ కోసం చేసినదాని వైపు తిరిగి స్పీకరుకు ఒళ్లు రాశాయి.

జాగ్రత్తలు

మాడ్యూళ్లలో పారే 12 వోల్టులతో పిల్లికి ప్రాణభయం లేదు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల తీగను కొరికితే మాత్రం ప్రాణం పోవచ్చు. దాన్ని గట్టి గొట్టంలోంచి లాగాలి. ఖాళీ అరలను వదిలేస్తే పంజా లోపలి సరఫరా తీగల దాకా పోతుంది కాబట్టి వాటిని ఖాళీ పలకలతో మూయాలి. పని అయ్యాక పెట్టెకు మూత వేస్తే జాక్‌లలో బొచ్చు చేరదు. అన్నిటికన్నా ముఖ్యం గది తలుపు. వాయిస్తున్నంతసేపూ అది తెరిచే ఉండాలి, వినాలో వెళ్లాలో పిల్లే తేల్చుకుంటుంది.

గురగుర

పిల్లి గురగుర 25–30 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఆ కంపనంలోని ప్రతి కదలికకూ మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞ వెళ్తుందని చాలాకాలం అనుకున్నారు. క్రిస్టియన్ హెర్బ్‌స్ట్ బృందం 2023లో, చనిపోయిన పిల్లుల స్వరపేటికల్లోకి గాలి పంపి చూసింది. మెదడు లేకుండానే అవి ఆ స్థాయిలో మోగాయి. స్వరతంత్రుల్లోని మెత్తటి దిండ్లలాంటి కణజాలమే వాటిని అంత మెల్లగా ఆడిస్తున్నట్టు తోచింది. గాలి అందితే చాలు, తనంతట తాను ఊగే ఆసిలేటర్ అది.

దాన్ని ప్యాచ్‌లోకి తేవడం కష్టమేమీ కాదు. కంపనాన్ని పట్టే పియెజో మైకును పిల్లికి కట్టకూడదు, అది పడుకునే దిండు కింద పెట్టాలి. మైకు తీగను ఎన్వలప్ ఫాలోయర్ అనే మాడ్యూల్‌కు ఇస్తే, శబ్దం ఎంత పెద్దగా ఉంటే అంత వోల్టేజీ వస్తుంది. ఆ వోల్టేజీని ఫిల్టర్‌కు కలిపితే, గురగుర పెరిగినప్పుడు ధ్వని విచ్చుకుంటుంది, తగ్గినప్పుడు మసకబారుతుంది. పిల్లి లేచి ఒళ్లు విరుచుకుని తలుపు దాటిందా, వోల్టేజీ సున్నాకు జారి ఫిల్టర్ మూసుకుంటుంది.