సంఘటన నుంచి చికాకు వరకు: కౌమార ఒత్తిడి కొలమానాల చరిత్ర - కోనసీమ సందర్భం

ఉపోద్ఘాతం

2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గోదావరి పాయలో ఒక నాటు పడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొని బోల్తా పడింది. బడి నుంచి ఇళ్ళకు తిరిగి వెళ్తున్న విద్యార్థులు ఆ పడవలో ఉన్నారు. వారిలో పలువురు గల్లంతయ్యారు. ఆ రోజు జరిగింది వార్త అయింది, విచారణ అయింది. అంతకుముందు ఆ పిల్లలు అదే ఏటిని రోజుకు రెండుసార్లు దాటారు. ఆ దాటడం మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

మానసిక ఒత్తిడిని కొలవడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రలోనూ ఇదే చిక్కు ఉంది. ఒక్కసారి వచ్చి పడే సంఘటనను కొలవాలా, రోజూ ఎదురయ్యే చికాకును కొలవాలా అన్న ప్రశ్న చుట్టూ ఆ చరిత్ర నడిచింది. రెండోదాన్నే కొలవాలని శాస్త్రజ్ఞులు చెప్పి నాలుగు దశాబ్దాలు దాటింది. అయితే 'రోజూ' అన్నది ఎవరి రోజు అన్న ప్రశ్న మిగిలే ఉంది. కోనసీమ కౌమార బాలబాలికల జీవితాన్ని ఆధారం చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పట్టికల చరిత్ర

హాన్స్ సెల్యే 1936లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన చిన్న లేఖతో ఒత్తిడి అధ్యయనం మొదలైందని సాధారణంగా చెబుతారు. ఆయన పరిశీలించినది ఎలుకల శరీరాలను. మనుషుల జీవితానికి అంకెలు వేసినవారు థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే. 1967లో వారు 43 సంఘటనలతో ఒక పట్టిక తయారుచేశారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్ళికి 50, క్రిస్మస్ పండుగకు 12 విలువలు. మన దేశంలో గుర్మీత్ సింగ్ బృందం 1984లో 51 సంఘటనలతో భారతీయ పట్టికను రూపొందించింది. ఇవి రెండూ ప్రధానంగా పెద్దవాళ్ళ జీవితానికి సంబంధించినవి. పదిహేనేళ్ళ పిల్లకు భాగస్వామీ లేరు, ఉద్యోగమూ లేదు. ఆ లెక్కన ఆమెకు ఒత్తిడీ దాదాపు లేనట్టే.

ఈ పద్ధతిని ప్రశ్నించినవారు అలెన్ కానర్, రిచర్డ్ లాజరస్, వారి సహచరులు. 1981లో వారు 117 నిత్య చికాకులతో ఒక పట్టికను, 135 చిన్న చిన్న సంతోషాలతో మరొక పట్టికను ప్రకటించారు. వస్తువులు కనబడకపోవడం, ధరలు పెరగడం వంటివి ఆ చికాకులు. కాలిఫోర్నియాలోని వందమంది నడివయసువారిని నెలల తరబడి అడిగి చూస్తే, మానసిక లక్షణాలను పెద్ద సంఘటనలకంటే ఈ చికాకులే మెరుగ్గా సూచించాయి. ఇది నిజంగా గొప్ప మలుపు. 1983లో షెల్డన్ కోహెన్ బృందం పట్టికనే పక్కనపెట్టి, గత నెలలో మీకు ఎలా అనిపించిందని అడిగే 14 ప్రశ్నల కొలమానాన్ని తెచ్చింది. 1987లో కానర్ బృందం తొలి కౌమారంలోని పిల్లల చికాకుల మీద దృష్టి పెట్టింది. ఆస్ట్రేలియాలో డాన్ బైర్న్ బృందం 2007లో ప్రచురించిన కౌమార ఒత్తిడి ప్రశ్నావళి ఇల్లు, చదువు, బడికి హాజరు, స్నేహితులు, భవిష్యత్తు, డబ్బు వంటి పది రంగాలుగా ఒత్తిడిని విభజించింది.

భారతీయ కౌమారాన్ని దగ్గరగా చూసిన అధ్యయనంగా సుమన్ వర్మ, దీపాలీ శర్మ, రీడ్ లార్సన్ 2002లో ప్రచురించిన పరిశోధనను చెప్పుకోవాలి. చండీగఢ్‌లో వందమంది ఎనిమిదో తరగతి విద్యార్థులకు అలారం గడియారాలు ఇచ్చారు. వారంపాటు గడియారం మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, ఎలా అనిపిస్తున్నదో రాయమన్నారు. మేలుకొని ఉన్న సమయంలో మూడోవంతు బడిపనికే పోతున్నదని, ఆ సమయంలోనే మనసు ఎక్కువగా కుంగుతున్నదని తేలింది. పట్టిక రాసినవారి ఊహకు బదులు పిల్లవాడి రోజే ఇక్కడ ఆధారం. అయితే అది పట్టణ మధ్యతరగతి రోజు.

మాట దగ్గరి చిక్కు

ఈ కొలమానాలను తెలుగులోకి తేవడం అనువాద సమస్య మాత్రమే అనుకోవడం తేలిక. నిజానికి ఏ మాట ఎంచుకుంటామన్నదాన్నిబట్టి కొలిచే విషయమే మారిపోతుంది. ఆంగ్లంలో 'స్ట్రెస్' పదార్థాల బలాన్ని లెక్కగట్టే శాస్త్రంలోనూ ఉన్న మాట. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం తెలుగులో చదివిన విద్యార్థికి అది 'ప్రతిబలం'. మనసు విషయానికి వచ్చేసరికి మనం 'ఒత్తిడి' అన్నాం. కానీ వాడుకలో ఒత్తిడి ఎవరో ఒకరు చేసేది. 'ఇంట్లో ఒత్తిడి చేశారు' అంటాం. 'నీకు ఒత్తిడి ఉందా?' అని అడిగితే, 'నన్నెవరూ బలవంతపెట్టలేదు' అని ఒక విద్యార్థి బదులిస్తే అది పొరపాటు కాదు, ఆ మాటకున్న అర్థాన్ని సరిగ్గా పట్టుకోవడమే. పిల్లలు తమంతట తాము వాడే మాట 'టెన్షన్'. పరీక్ష ముందు టెన్షన్, ఫలితాల రోజు టెన్షన్. అది ఒక గడియకో, ఒక రోజుకో చెందినది. నెలల తరబడి సాగే భారానికి ఆ మాట వాడరు.

ఆ భారానికి తెలుగులో వేరే మాటలున్నాయి. దిగులు, చిరాకు, గాభరా, బెంగ. వీటిలో చివరిది కోనసీమకు సంబంధించినంతవరకు ముఖ్యమైనది. రాజోలు, అమలాపురం ప్రాంతాలనుంచి గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా ఇంటిపనికి, వెళ్ళిన మహిళలు ఎందరో. వారి పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతూ కౌమారంలోకి వస్తారు. 'పిల్ల బెంగ పెట్టుకుంది' అని ఇంట్లో అంటారు. జ్వరం వచ్చినా, అన్నం మానేసినా, చదువు తగ్గినా బెంగే కారణమంటారు.

చికాకుల పట్టిక మీద 1984లో బార్బరా డోరెన్వెండ్ బృందం చేసిన విమర్శ ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. ఆ పట్టికలోని కొన్ని అంశాలు కారణాలా, లేక అప్పటికే ఉన్న అనారోగ్య లక్షణాలా అని వారు అడిగారు. కారణాన్నీ ఫలితాన్నీ కలిపి కొలిస్తే రెండింటికీ సంబంధం కనిపించక మానదు. మరుసటి సంవత్సరం లాజరస్ బృందం బదులిస్తూ, ఒత్తిడి బయట ఉన్నదీ కాదు, లోపల ఉన్నదీ కాదు, మనిషికీ పరిస్థితికీ మధ్య ఉన్న సంబంధమని వాదించింది. మన 'బెంగ' ఆ వివాదాన్ని ఒక్క మాటలో ఇముడ్చుకుంది. దూరాన ఉన్న మనిషి, ఆ దూరాన్ని అనుభవించే మనసు, దానివల్ల కుంగే ఒళ్ళు మూడూ అందులో ఉన్నాయి. ప్రశ్నావళిలో దీనికి 'ఒత్తిడి' అని రాస్తే ఆ పిల్ల 'లేదు' అని గీత పెట్టే అవకాశమే ఎక్కువ. తక్కువ అంకె వచ్చిన పిల్లను ఎవరూ మళ్ళీ పిలవరు.

కోహెన్ ప్రశ్నల్లో ఒకటి జీవితంలోని ముఖ్య విషయాలు తమ అదుపులో లేవని ఎంత తరచుగా అనిపించిందని అడుగుతుంది. పదో తరగతి తరవాత ఎంపీసీనా బైపీసీనా, అమలాపురంలో చదవాలా విజయవాడ హాస్టల్‌లో చేరాలా అన్నది ఇంట్లో పెద్దలు తేల్చే కుటుంబాల్లో ఈ ప్రశ్నకు అర్థం వేరు. అదుపు తమ చేతిలో లేకపోవడం అక్కడ కొందరికి ఊరట కూడా.

ఏటి గట్టున

కోనసీమలో పెద్ద సంఘటనలకు కొరత లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో చెలరేగిన మంట 65 రోజులు మండింది. 1996 నవంబరు 6 నాటి తుఫాను కొబ్బరితోటలను నేలకూల్చి, వందలాది ప్రాణాలు తీసింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ గొట్టం పేలింది. ఈ నేలలో కౌమారానికి సంఘటనల పట్టిక వేయడం కష్టం కాదు. కష్టమంతా మిగిలిన రోజులతోనే.

పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక వంటి గ్రామాలను తీసుకుంటే, వరద వచ్చి తాత్కాలిక రహదారి తెగినప్పుడల్లా రాకపోకలకు పడవే దిక్కు. బైర్న్ ప్రశ్నావళిలో 'హాజరు' అంటే పొద్దున్నే లేవడం, బడికి వెళ్ళక తప్పకపోవడం. లంకలో హాజరు అంటే రేవు, పడవ, తడిసిన పుస్తకాలు, ఆలస్యంగా వెళ్తే తరగతిలో నిలబడటం. ఇది సంఘటనా, చికాకా? నీరు తక్కువున్న రోజున చికాకు, పెరిగిన రోజున ప్రమాదం. నీటిమట్టాన్నిబట్టి ఒకే అంశం ఒక పట్టికలోంచి మరొక పట్టికలోకి మారుతుంది. సంఘటనలనూ చికాకులనూ వేరుచేసిన 1981 నాటి గీత ఇక్కడ గోదావరి గట్టులాగే నిలకడ లేనిది.

జాతీయ స్థాయిలో 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 3,79,842 మంది విద్యార్థులను సర్వే చేసి, చదువు, పరీక్షలు, ఫలితాలే ఆందోళనకు ప్రధాన కారణాలని చెప్పింది. అది అబద్ధం కాదు. లంక పిల్లవాడికీ పరీక్షలున్నాయి. కానీ ఆ పరీక్షకు చేరుకునే దారి ఆ అంకెలో కనిపించదు.

కాలం సంగతి కూడా ఉంది. 'గత నెలలో' అనే ప్రశ్నకు ఏప్రిల్‌లో ఒక జవాబు, ఆగస్టులో మరో జవాబు వస్తుంది. కొత్తపేటలో మెట్టు మీద ఉన్న ఇంటి పిల్లకు, లంకలోని పిల్లకు ఆ తేడా ఒకేలా ఉండదు. అందువల్ల కోనసీమ కౌమారం కోసం ప్రశ్నలు రాసేవారు అంశాలను ఎంచడానికి ముందే రేవు దగ్గర కొన్ని పొద్దులు గడపవలసి ఉంటుంది. నీరు పెరిగిన రోజున బడికి వెళ్ళాలా వద్దా అని ఇంట్లో ఎవరు తేలుస్తారు, పడవ ఎక్కేటప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుంటారు, ఫోనులో అమ్మతో మాట్లాడే వేళ ఏది అన్నవి అక్కడ దొరికే ప్రశ్నలు.