డాలు మీద బాదామి

ఎడిన్‌బరో కోట నుంచి కిందికి దిగే రాయల్ మైల్ వీధి దుకాణాల్లో క్యాంప్‌బెల్, మెక్‌డొనాల్డ్, మన్రో అంటూ వంశాల పేర్లతో కప్పులు బారులు తీరి ఉంటాయి. ఒక్కో పేరుకూ ఒక్కో గుర్తు. తిరుత్తణి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాడి కాళ్లు అక్కడ ఆగిపోతాయి. ఇంటిపేరుకు బొమ్మ కూడా ఉంటుందా!

ఉంటుంది. కానీ స్కాట్లాండ్‌లో డాలు గుర్తు ఒక్క మనిషి సొత్తు. 1672 నాటి చట్టం ప్రకారం లార్డ్ లయన్ అనే అధికారి పుస్తకంలో అది ఎక్కాలి. చిన్నకొడుకు తండ్రి డాలు వాడుకోవాలన్నా ఏదో ఒక తేడా చూపించి వేరుగా నమోదు చేయించుకోవాల్సిందే. ఒకరి గుర్తు ఇంకొకరు వాడితే కేసు పెట్టడానికి లార్డ్ లయన్ కోర్టుకు సొంత ప్రాసిక్యూటర్ ఉన్నాడు. మిగతా వంశస్థులు నాయకుడి శిరోచిహ్నం చుట్టూ బెల్టు, బకిల్ గీసి పెట్టుకోవచ్చు, అంతే.

రంగులకూ నియమముంది. బంగారం మీద వెండి వేయరు, ఎరుపు మీద నీలం వేయరు. ఇనుప టోపీలో ముఖం దాగిన యోధుణ్ణి దూరం నుంచే పోల్చుకోవాలి మరి. కోడిపుంజు జెండా చూసి సుబ్రహ్మణ్యస్వామిని పోల్చుకునే తిరుత్తణివాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

మన్రో కప్పు దగ్గరే మనసు చిక్కుకుంటుంది. గ్లాస్గోలో పుట్టి, దత్తమండలాల కలెక్టరై, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన థామస్ మన్రో మన రాయలసీమకు తెలిసినవాడే. ఆయన డాలులో వంశపు ఎర్ర గద్ద తలతో పాటు ఒక కొండకోట, దాని కింద ‘బాదామి’ అన్న అక్షరాలు ఉన్నాయి. 1818లో ఆయన పట్టుకున్న కోట అది. సీమ రైతులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నది కోటలు పట్టినందుకు కాదు. వాళ్లు తలుచుకునే కలెక్టరు మన్రోకు ఆ డాలులో చోటు దొరకలేదు. చూస్తుంటే బాధేస్తుంది.

తెలుగింట్లో డాలు చేసే పని ఇంటిపేరే చేసింది. 1888లో తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ పేరుకు ముందు నెల్లూరు సీమ సర్వేపల్లి నడిచింది. బాదామి గెలుచుకున్న ఊరు, సర్వేపల్లి పెద్దలు వదిలి వచ్చిన ఊరు. ఇంటిపేరుకు రుసుము లేదు, నమోదు లేదు. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డదీ.

1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. తండ్రి పేరు మొదటి అక్షరంతో సరిపెట్టే అక్కడి పద్ధతిలో చాలా ఇంటిపేర్లు బడి రిజిస్టర్ల నుంచి జారిపోయాయి. తిరుత్తణి, తిరువళ్లూరు తెలుగువాళ్లారా, తాతా అవ్వా ఉండగానే మీ ఇంటిపేరేమిటో అడిగి, పిల్లల పుస్తకాల మీద పూర్తిగా రాయించండి.