కూలెంట్ బలం ఎంత? చలికి ముందే తెలుసుకునే పద్ధతి

2019 జనవరి 30న షికాగోలో చలి మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగింది. అలాంటి రాత్రి కారు రేడియేటర్‌లో ఉత్త నీళ్లుంటే అవి గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఇంజిన్ బ్లాక్ పగిలే ప్రమాదం ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. పాత ఓనర్ నీళ్లు కలుపుతూ పోయాడో లేదో రంగు చూస్తే తెలియదు.

కూలెంట్‌లో ఉండేది ఎక్కువగా ఇథిలీన్ గ్లైకాల్. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. గ్లైకాల్ మూడో వంతుకు తగ్గితే మైనస్ 18 దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదే కదా అనుకుంటారు. కాదు, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

పరీక్షకు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. ఈమధ్యే నీళ్లో కూలెంటో పోసి ఉంటే, ముందు బండి కాసేపు నడిపి కలవనివ్వాలి, ఆ తర్వాత చల్లారనివ్వాలి. లేకపోతే పైన ఉన్నదే చేతికొస్తుంది, లెక్క తప్పుతుంది.

చవకగా దొరికేది హైడ్రోమీటర్. రబ్బరు బుడ్డి నొక్కి ద్రవం లాగితే, లోపలి చిన్న బంతులు ఎన్ని తేలాయో బట్టి బలం చెబుతుంది. ద్రవం వేడిగా ఉన్నా, అది ప్రొపిలీన్ గ్లైకాల్ రకమైనా దీన్ని నమ్మొద్దు. రిఫ్రాక్టోమీటర్ కొంచెం ఖరీదైనా నయం. ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి గీతను నీటి గుర్తుకు సరిచేయాలి. తుడిచేసి కూలెంట్ చుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే, నీలం, తెలుపు కలిసే చోట గడ్డకట్టే ఉష్ణోగ్రత కనిపిస్తుంది. రెండు రకాల గ్లైకాల్‌కు స్కేళ్లు వేరు, సరైనదే చదవాలి.

బలం సరిపోయినంత మాత్రాన కూలెంట్ బాగున్నట్టు కాదు. తుప్పును ఆపే రసాయనాలు అయిపోయినా రీడింగ్ మారదు. అందుకే మాన్యువల్‌లో చెప్పిన గడువుకు మార్చాల్సిందే.

మన హైదరాబాద్‌లో గడ్డకట్టే భయం లేదు, నిజమే. కానీ గ్లైకాల్ నీటి మరుగు స్థానాన్ని కూడా పెంచుతుంది. ఎండల్లో బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది.

తీసిన ద్రవాన్ని గిన్నెలోనో సీసాలోనో వదిలేయొద్దు. రుచి తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, పిల్లులు ముట్టుకునే చోట అసలే ఉంచొద్దు.